రిపోర్టులు బాగున్నాయి, మనసే బాగాలేదు

ప్రశ్న: నా భార్యకు 43 ఏళ్లు. రెండేళ్ల క్రితం బ్రెస్ట్ క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి ఒక రొమ్ము తీసేశారు. కీమో, రేడియేషన్ అయిపోయి ఏడాది దాటింది. ఇప్పుడు జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే టామోక్సిఫెన్ మాత్ర రోజూ వేసుకుంటోంది. రిపోర్టులన్నీ బాగున్నాయి. చికిత్స జరిగినన్నాళ్లూ నాకే ధైర్యం చెప్పిన మనిషి, ఇప్పుడు అయినదానికీ కానిదానికీ ఏడుస్తోంది. కాస్త నడుము నొప్పి వచ్చినా స్కాన్ తీయించమంటుంది. రాత్రిళ్లు నిద్రపోదు. నన్ను దగ్గరికి రానివ్వదు. ‘ఏమీ కాదు, పాజిటివ్‌గా ఉండు’ అంటే కోపం వస్తోంది. చెకప్ రిపోర్టు వచ్చినప్పుడల్లా నేను ముందు ఒక్కడినే బయట నిలబడి చదువుకుని, ఆ తర్వాతే ఆమెకు ఇస్తాను. ఆమెను మళ్లీ మామూలు మనిషిని చేయడం ఎలా?

జవాబు: చికిత్సప్పుడు ధైర్యంగా ఉన్న మనిషి అంతా అయిపోయాక కుంగిపోవడం మీకు వింతగా ఉంది. క్యాన్సర్ నుంచి బయటపడినవాళ్లలో ఇది తరచుగా కనిపించేదే. అన్ని నెలలూ ఆవిడకు ఊపిరాడలేదు. ఈ వారం కీమో, పై వారం రక్తపరీక్ష, మధ్యలో వాంతులు, జ్వరం, రక్తకణాల కౌంట్ పడిపోవడం. భయపడటానికి తీరిక ఎక్కడిది? ‘ఇక మూడు నెలల తర్వాత రండి’ అని డాక్టర్ పంపించాక గానీ, తనకు ఏం జరిగిందో మనసుకు ఎక్కలేదు. సరిగ్గా అప్పుడే ఇంట్లోవాళ్లంతా గండం గడిచిందనుకుని ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అనే అమెరికన్ డాక్టర్, తనకే క్యాన్సర్ వచ్చి తగ్గాక, 1985లో ఒక వైద్య పత్రికలో ఈ సంగతే రాశారు. చికిత్స ముగిశాక వచ్చేది విడిగా ఒక దశ అనీ, అందులో జబ్బు తిరగబెడుతుందన్న భయానిదే పెత్తనమనీ ఆయన చెప్పారు. మీ భార్య ఇప్పుడు ఉన్నది ఆ దశలోనే.

ఇక ‘ఏమీ కాదు’ అన్న మాట. ప్రేమతోనే అంటున్నారు, కాదనను. కానీ ఏమీ కాదని మీకు ఎలా తెలుసు? ఆవిడ కోపం అక్కడే. అంతా బాగానే ఉందనుకున్న ఒంట్లోనే ఒకసారి అంత పెద్ద జబ్బు బయటపడింది కదా. పైగా ఆ మాట అన్నాక ఆవిడ ఇంకేం మాట్లాడగలదు? క్యాన్సర్ రోగుల మానసిక వైద్యానికి పునాది వేసినవారిలో ముఖ్యురాలు జిమ్మీ హాలండ్. ‘పాజిటివ్‌గా ఉండి తీరాలి’ అనే ఒత్తిడిని ఆవిడ ఒక నిరంకుశత్వంగా చూశారు. అలా అనగా అనగా, రేపు జబ్బు తిరగబెడితే ‘నేను ఏడ్చినందుకే వచ్చింది’ అని రోగి తననే నిందించుకుంటుంది. ఏడ్చినందువల్ల, భయపడినందువల్ల క్యాన్సర్ తిరిగి వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. ఈ ఒక్కటి ఆవిడకు స్పష్టంగా చెప్పండి. చాలా బరువు దిగుతుంది.

మరి ఏమనాలి? ‘దేనికి భయమేస్తోంది, చెప్పు’ అని అడిగి, ఆ తర్వాత నోరు మూసుకోండి. కటువుగా ఉన్నా ఇదే నా సలహా. ఆవిడ పిల్లల గురించి చెప్పొచ్చు, చావు గురించి చెప్పొచ్చు, తనతోపాటు కీమో తీసుకుని దక్కకుండా పోయిన మనిషి గురించి చెప్పొచ్చు. ఓదార్చాలని తొందరపడకండి. విన్నాక మీ సంగతి కూడా చెప్పండి. రిపోర్టును బయట నిలబడి ఒక్కరే చదువుకుంటున్నారంటే మీ గుండె ఎంత కొట్టుకుంటోందో నాకు అర్థమవుతోంది. రోగిని చూసుకున్న జీవిత భాగస్వాములకు కూడా అంతే స్థాయిలో ఆందోళన, నిద్రలేమి ఉండటం మామూలే, కాకపోతే వాళ్లను ఎవరూ అడగరు. మీరు రాయిలా ఉన్నంతకాలం, ఈ ఇంట్లో పిరికిదాన్ని తానొక్కతేనని ఆవిడ అనుకుంటుంది. ఈసారి కవరు ఇద్దరూ కలిసి విప్పండి.

స్కాన్ల విషయంలో మాత్రం ఆవిడ అడిగినప్పుడల్లా తీయించవద్దు, అలాగని కొట్టిపారేయవద్దు. బ్రెస్ట్ క్యాన్సర్ చికిత్స తర్వాత ఏ లక్షణమూ లేనివారికి తరచూ ఒళ్లంతా స్కాన్ చేయించమని వైద్య మార్గదర్శకాలు చెప్పవు. వేళకు డాక్టర్ పరీక్ష, ఏడాదికోసారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఉంటే చాలంటాయి. స్కాన్ బాగుందని తెలిస్తే నాలుగు రోజులు ప్రశాంతంగా ఉంటుంది, ఐదో రోజున మళ్లీ అనుమానం. రోజుకు పదిసార్లు గడ్డ కోసం తడిమి చూసుకోవడమూ ఇలాంటిదే. దీనికి ఒక పద్ధతి పెట్టుకోవచ్చు. ఏ మార్పు కనిపిస్తే వెంటనే రావాలి, ఏది ఎన్నాళ్లు చూడొచ్చు అని ఆవిడ చూస్తున్న క్యాన్సర్ డాక్టర్‌నే అడిగి కాగితం మీద రాయించుకోండి. కొత్త నొప్పి రెండు వారాలైనా తగ్గకపోతే, లేదా రోజురోజుకూ పెరుగుతుంటే చూపించుకోమని చాలామంది డాక్టర్లు చెబుతారు. గడ్డ, ఆయాసం, ఫిట్స్ లాంటివైతే ఆగకూడదు. అప్పుడు నడుము నొప్పి వచ్చిన రాత్రి ఇద్దరూ వాదించుకోకుండా ఆ కాగితం చూసుకోవచ్చు. చెకప్ ముందు వారం మాత్రం టెన్షన్ ఎలాగూ పెరుగుతుంది. ఆ వారంలో ఆవిడ మీద పనులు, చుట్టాల రాకపోకలు తగ్గించండి.

దగ్గరికి రానివ్వకపోవడం గురించి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. రొమ్ము తీసేశాక చాలామంది స్త్రీలు అద్దం ముందు నిలబడలేరు, భర్త ముందు బట్టలు మార్చుకోలేరు. ‘నన్ను చూసి ఆయనకు ఏవగింపు కలుగుతుందేమో’ అని ఆవిడ ముందే తప్పుకుంటుంది. నొప్పి పెడుతుందేమోనని భర్త చెయ్యి వేయడు. ఆ వెనకాడటాన్ని ఆవిడ అయిష్టం అనుకుంటుంది. ఇద్దరూ మర్యాదగా దూరమైపోతారు. దీనికి తోడు కీమో, టామోక్సిఫెన్ వల్ల ఒంట్లో వేడి ఆవిర్లు, యోని పొడిబారడం, కోరిక తగ్గడం ఉంటాయి. అది మీ మీద అలక కాదు. సెక్స్ ఊసు ఎత్తకుండా పక్కన కూర్చోవడం, చెయ్యి పట్టుకోవడం, తల నిమరడం మొదలుపెట్టండి. ‘ఆ మచ్చను చూడటం నాకు కష్టం కాదు, నీకు ఇష్టమైనప్పుడే’ అని ఒకసారి చెప్పండి. మళ్లీ మళ్లీ అడగకండి. పొడిబారడానికి హార్మోన్ లేని జెల్స్ ఉన్నాయి. డాక్టర్‌ను అడగడానికి సిగ్గుపడొద్దు.

నిద్ర సంగతి కూడా అంతా మనసు మీదకే నెట్టలేం. రాత్రి చెమటలు పట్టి మెలకువ వస్తోందేమో కనుక్కోండి. నీరసం, దిగులు ఉన్నప్పుడు రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించడం మంచిది. మతిమరుపు, ధ్యాస కుదరకపోవడం కూడా కీమో తర్వాత కొన్నాళ్లు ఉంటాయి, చాలామందిలో క్రమంగా తగ్గుతాయి. క్యాన్సర్ చికిత్స తర్వాత విశ్రాంతి తీసుకున్నా తీరని అలసట ఉంటే, దానికి నడక, తేలికపాటి వ్యాయామం బాగా పనిచేస్తాయి. రోజూ సాయంత్రం ఆవిడతో కలిసి నడవండి. పక్కపక్కన నడుస్తున్నప్పుడు కష్టమైన మాటలు కూడా సులువుగా బయటికొస్తాయి.

రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఆకలి పోవడం ఉంటే సైకియాట్రిస్టుకు చూపించాలి. భయాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్పే సీబీటీ అనే మాటల చికిత్స క్యాన్సర్ తర్వాతి ఆందోళనకు ఉపయోగపడుతుంది. మందులు అవసరమైతే ఒక జాగ్రత్త: టామోక్సిఫెన్ వాడుతున్నారని ఆ డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్ లాంటి కొన్ని డిప్రెషన్ మందులు టామోక్సిఫెన్ శరీరంలో చురుకైన రూపంలోకి మారకుండా అడ్డుపడతాయి. వెన్లాఫాక్సిన్ లాంటివి ఆ ఇబ్బంది తక్కువగా ఉండటమే కాక, వేడి ఆవిర్లను కూడా తగ్గిస్తాయి. చిరాకుగా ఉందని టామోక్సిఫెన్‌ను సొంతంగా మానేయనివ్వకండి.

‘ఇంకెందుకు బతకడం’ లాంటి మాట ఎప్పుడైనా ఆవిడ నోట వస్తే దాటవేయకండి. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఆ పూట ఒంటరిగా వదలకండి. మందుల డబ్బాలు మీ దగ్గర పెట్టుకుని, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.