‘అదే చొప్పున’ అనడం తప్పా?

సందేహం: నేను ఏడో తరగతికి లెక్కలు చెబుతాను. పిల్లలకు ఈ ప్రశ్న ఇచ్చాను: ‘ఒక కుళాయి ముప్పావు గంటలో తొట్టిలో 2/5 వంతు నింపుతుంది. అదే చొప్పున నీళ్లు పడితే తొట్టి అంతా నిండడానికి ఎంతసేపు పడుతుంది?’ తోటి టీచర్ ఒకరు చూసి, ‘చొప్పున’ పాతకాలపు మాట, ‘స్థిరమైన రేటు వద్ద’ అని రాయాలి అన్నారు. ఇంకొకరు ‘అదే వేగంతో’ అంటే చాలన్నారు. ఏది సరైనది? నిష్పత్తి, అనుపాతం అనే మాటలను ఒకదాని బదులు ఇంకొకటి వాడవచ్చా? ఇది చొప్పదంటు ప్రశ్న అనిపిస్తే మన్నించండి.
– ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: అమ్మా, మీ చివరి మాటతోనే మొదలుపెడతాను. మీది చొప్పదంటు ప్రశ్న కాదు. చొప్ప అంటే గింజ తీసేశాక మిగిలిన ఎండు దంటు. పస లేని ప్రశ్నను దానితో పోలుస్తాం. మీ ప్రశ్నలో ఉన్నది చొప్ప కాదు, చొప్పు. అది వేరే మాట. దాని గురించి ఎవరైనా అడిగితే బాగుండునని ఎంతో కాలంగా అనుకుంటున్నాను.

చొప్పు అంటే జాడ. ఎవరైనా నడిచి వెళ్లాక నేల మీద మిగిలేది. మృగం వెళ్లిన చొప్పు చూసుకుంటూ వేటగాడు అడవిలోకి వెళ్తాడు. జాడ అంటే వెళ్లిన దారే కదా! ఆ దారి నుంచి ‘తీరు’, ‘విధం’ అనే అర్థాలు వచ్చాయి. బ్రౌన్ 1852లో అచ్చు వేయించిన నిఘంటువులో జాడ, విధం రెండూ కనిపిస్తాయి. విధం అనే అర్థానికి ‘న’ చేరి ‘చొప్పున’ అయింది, అంటే ‘ఆ ప్రకారం’ అని. ‘చెప్పిన చొప్పున చేశాడు’ అన్న వాక్యంలో ఉన్నదీ ఇదే. లెక్కల్లోకి వచ్చాక దీనికి ఇంకా బిగువైన అర్థం కుదిరింది. మొదటి గంట ఎలా నడిచిందో రెండో గంటా, మూడో గంటా అదే అడుగుజాడలో నడుస్తాయి. మారని రేటు అంటే ఇంతకన్నా ఏముంది? మొదటి అడుగు కొలిస్తే చాలు, మిగతావి కొలవక్కర్లేదు. ఈ ఊహ అంతా మూడక్షరాల మాటలో ఉంటే, దాన్ని పాతదని పక్కన పెట్టడం నాకు బాధగా ఉంది.

‘స్థిరమైన రేటు వద్ద’ అన్న దాని మీద నాకు కొంచెం కోపమే ఉంది. ‘రేటు’ మీద కాదు, అది ఎప్పుడో తెలుగైపోయింది. కాకపోతే వాడుకలో రేటంటే ధర, అందుకని నీళ్ల తొట్టి లెక్కలో ఆ మాట వింటే పిల్లవాడు ఒక క్షణం తడబడతాడు. అసలు కోపం ‘వద్ద’ మీద. వద్ద అంటే దగ్గర. చెట్టు వద్ద నిలబడవచ్చు, తలుపు వద్ద ఆగవచ్చు. కుళాయి రేటు వద్ద ఎలా పడుతుంది? ఇంగ్లీషు వాక్యాన్ని ముక్కముక్కగా తెలుగు చేస్తే మిగిలిన ముక్క అది. పాఠ్యపుస్తకం రాసేవారు ఒక్కసారి పైకి చదువుకుంటే అక్కడే నాలుక ఆగిపోయేది.

‘వేగంతో’ అన్నదాన్ని నేను తప్పు పట్టను. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుందనడం స్థిరపడిపోయింది. అయితే కదిలే వస్తువుకు వేగం నప్పినంతగా నిండే తొట్టికి నప్పదు. చదివే పుటలకు, పూర్తయ్యే పనికి మరీ నప్పదు. వీటన్నిటికీ ‘చొప్పున’ సరిపోతుంది. ‘60 కిలోమీటర్ల చొప్పున వేగంతో’ అని రెండూ కలిపి రాస్తున్నారు కొందరు. ఒకటి చాలు.

మీరు అడగకపోయినా ఇక్కడ ఒక మాట చెప్పాలి. ‘గంటలో’ వేరు, ‘గంటకు’ వేరు. ‘బండి గంటలో 60 కిలోమీటర్లు వెళ్లింది’ అంటే అది జరిగిపోయిన ఒక సంగతి. మధ్యలో ఆగిందేమో, పరుగెత్తిందేమో, మరుసటి గంటలో ఏం చేస్తుందో ఆ వాక్యం చెప్పదు. ‘బండి గంటకు 60 కిలోమీటర్లు వెళ్తుంది’ అంటే అది రేటు. ఏ గంట తీసుకున్నా అంతే. ఒక్క విభక్తి ప్రత్యయం మార్పుతో సంగతి కాస్తా సూత్రమైపోయింది. ‘ప్రతి’ అన్న మాట కూడా అక్కర్లేదు, ఆ పని ‘కు’ ఒక్కటే చేస్తుంది. ‘ప్రతి గంటకూ’ అంటే ఒత్తి చెప్పడం, తప్పు లేదు. ‘పర్ గంటకు’ అంటే మాత్రం ఒకే పనికి ఇద్దరిని పెట్టినట్టు.

మీ లెక్కలో ‘ముప్పావు గంటలో’ అని సరిగ్గానే రాశారు, ఎందుకంటే అది కొలిచి చూసిన సంగతి. దాన్ని సూత్రంగా మార్చింది తర్వాతి వాక్యంలోని ‘అదే చొప్పున’. ఆ రెండు మాటలు తీసేస్తే లెక్కకు జవాబే ఉండదు. కుళాయి తర్వాత సన్నగా పడిందో, జోరుగా పడిందో ఎవరికి తెలుసు? అందుకే చొప్పున అన్నది అలంకారం కాదు, లెక్కలోని దత్తాంశం.

ఈ తరహా లెక్కలకు మన పెద్దలు పెట్టిన పేరు త్రైరాశికం. తెలిసిన రాశులు మూడు, తెలియనిది ఒకటి. ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథంలోనే ఈ సూత్రం చెప్పాడు. తెలిసిన మూడింటికి పేర్లు ప్రమాణం, ఫలం, ఇచ్ఛ. ఈ పేర్లు నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ప్రమాణం అంటే కొలిచి చూసినది. ఫలం అంటే ఆ కొలతకు దక్కినది. ఇచ్ఛ అంటే మనం కోరినది. ఇప్పుడు మనం ‘ఎక్స్’ అనే అక్షరంతో మొదలుపెడతాం, అది తెలియనిదాని గుర్తు. వాళ్లు కోరికతో మొదలుపెట్టారు. ఏం కావాలో తెలిస్తేనే కదా లెక్క కదిలేది! ఇచ్ఛను ఫలంతో గుణించి ప్రమాణంతో భాగిస్తే ఇచ్ఛాఫలం వస్తుంది, అదే జవాబు.

తెలుగులో ఈ విద్యను పద్యాల్లో పెట్టినవాడు పావులూరి మల్లన. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని మల్లన తెనిగించాడు. దాన్నే పావులూరి గణితం అంటాం. తెలుగులో తొలి గణిత గ్రంథంగా దానికి పేరు. మన సాహిత్య చరిత్రలు మల్లనకు రెండు వాక్యాలు ఇచ్చి ముందుకు వెళ్లిపోతాయి. పురాణం తెనిగిస్తే కథ చేయి పట్టుకుని నడిపిస్తుంది. గణితం తెనిగిస్తే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. సంఖ్య తప్పకూడదు, గణం తప్పకూడదు, యతిప్రాసలు తప్పకూడదు. ఒక గురువు కూడితే ఛందస్సు చెడుతుంది, ఒక ఒకటి కూడితే జవాబు చెడుతుంది. అంత ఇరుకులో పద్యం నడిపినవాణ్ణి కవుల వరుసలో ముందు కూర్చోబెట్టాలని నా పట్టుదల.

మహావీరాచార్యుని గ్రంథంలో త్రైరాశికానికి ముందు భిన్నాల ప్రకరణం వస్తుంది. దాని పేరు కలాసవర్ణం. మీరు ఉలిక్కిపడి ఉంటారు. అవును, సవర్ణదీర్ఘ సంధిలోని సవర్ణమే. వ్యాకరణంలో ఒకే జాతి అచ్చులు సవర్ణాలు, కాబట్టి అవి కలిసి ఒకటవుతాయి. గణితంలో ఒకే హారం ఉన్న భిన్నాలు సవర్ణాలు, అవీ కలిసి ఒకటవుతాయి. ఒక కుళాయి తొట్టిని 3 గంటల్లో, ఇంకొకటి 6 గంటల్లో నింపుతాయి. రెండూ తిప్పితే? మొదటిది గంటకు 1/3 వంతు చొప్పున, రెండోది 1/6 వంతు చొప్పున నింపుతాయి. వీటిని ఉన్నపళంగా కూడలేం. మొదటిదాన్ని 2/6 చేస్తే రెండూ సవర్ణమవుతాయి, మొత్తం 3/6, అంటే గంటకు సగం. 2 గంటల్లో తొట్టి నిండుతుంది. తెలుగు పీరియడ్‌లో చెప్పిన సవర్ణమూ, లెక్కల పీరియడ్‌లో చెప్పే సమాన హారమూ ఒకే ఊహ అని పిల్లలకు ఒక్కసారి చెప్పి చూడండి.

ఇక మీ లెక్క. కొలిచినది 2/5 వంతు, అది ప్రమాణం. దానికి పట్టిన ముప్పావు గంట ఫలం. కోరినది పూర్తి తొట్టి, అంటే 1. ఇది ఇచ్ఛ. ప్రమాణం, ఇచ్ఛ ఒకే జాతివి కావాలి. ఇక్కడ రెండూ తొట్టి వంతులే. ఫలం వేరే జాతి, అది కాలం. పిల్లలు తప్పు చేసేదల్లా ఈ జాతులు కలిపేసుకునే చోటే. 3/4ను 2/5తో భాగిస్తే 15/8 గంటలు, అంటే గంటా 52 నిమిషాల 30 సెకన్లు. సరిచూసుకోవాలంటే నోటితోనే చేయవచ్చు. ఐదింట రెండు వంతులకు 45 నిమిషాలు, ఒక వంతుకు ఇరవై రెండున్నర, ఐదు వంతులకు నూట పన్నెండున్నర.

‘ఐదింట రెండు’ అన్నాను, గమనించారా? తెలుగులో హారం ముందు వస్తుంది. ఎన్ని ముక్కలు చేశామో ముందు చెప్పి, అందులో ఎన్ని తీసుకున్నామో తర్వాత చెబుతాం. ‘టూ బై ఫైవ్’ అని చదివే పిల్లవాడికి ఒక అంకె మీద ఇంకో అంకె కనిపిస్తుంది. ‘ఐదింట రెండు వంతులు’ అని చదివేవాడికి తొట్టి కనిపిస్తుంది. క్లాసులో రెండూ చదివించండి, రెండోది మాత్రం మానిపించకండి.

విలోమం లెక్కల్లో కూడా చొప్పు సాయపడుతుంది. 6 మంది 10 రోజుల్లో చేసే పనిని 15 మంది ఎన్ని రోజుల్లో చేస్తారు? మనుషులు పెరిగితే రోజులు తగ్గుతాయి కాబట్టి మామూలు త్రైరాశికం తప్పుదారి పట్టిస్తుంది. దీన్ని వ్యస్త త్రైరాశికం అన్నారు. ఒక్కొక్కరు రోజుకు పనిలో 1/60 వంతు చొప్పున చేస్తున్నారని ముందు తేల్చుకుంటే ఆ చిక్కే ఉండదు. 15 మంది రోజుకు 15/60, అంటే పావు వంతు చేస్తారు. 4 రోజులు.

నిష్పత్తి, అనుపాతం ఒకటి కావు. రెండు రాశుల పోలిక నిష్పత్తి, రెండు నిష్పత్తుల సమానత అనుపాతం. 2:3 నిష్పత్తి, 2:3, 4:6 సమానమనడం అనుపాతం. పత్రికలు ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తున్నాయి. లెక్కల టీచర్ వాడకూడదు. అనుపాతం మాటను విడదీసి చూడండి: అను అంటే వెంట, పాతం అంటే పడటం. ఒకదాని వెంట ఇంకొకటి పడటం. సంస్కృతం వెంట పడటం అన్నదాన్నే తెలుగు జాడ అంది. రెండు భాషలూ ఒకే దృశ్యాన్ని చూశాయి: ముందు ఒకటి నడుస్తోంది, దాని అడుగుల్లో అడుగు వేస్తూ ఇంకొకటి వస్తోంది.

కాబట్టి మీ వాక్యాన్ని అలాగే ఉంచండి. పరీక్ష పేపర్లో ‘స్థిర రేటుతో’ అని వస్తే పిల్లలు కంగారు పడకుండా ఆ మాటా నేర్పండి. అది తప్పని నేను తీర్పు చెప్పను. ‘వద్ద’ మాత్రం కొట్టేయండి.