బిల్లింగ్ యాప్‌ని కొనేముందు వాడి చూడనివ్వాలంటే ఎలా?

విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లకి బిల్లింగ్ యాప్ అమ్మాలి, ప్లే స్టోర్‌లో నేరుగా ధర పెట్టాలా, కొన్నాళ్లు ఫ్రీగా వాడనివ్వాలా అని కదా మీ ప్రశ్న.

ధర పెట్టొద్దు. ముందు డబ్బు కట్టండి, నచ్చకపోతే 48 గంటల్లో రిఫండ్ అడగొచ్చు అంటే వన్‌టౌన్‌లో వినేవాళ్లు ఉండరు. ఫ్రీగా పెట్టి, యాప్ లోపల కొనుక్కునేలా చేయండి. ఒకసారి ఫ్రీ అని పెట్టాక అదే యాప్‌ని పెయిడ్‌గా మార్చనివ్వరు, కొత్త ప్యాకేజీ పేరుతో (ప్లే స్టోర్ యాప్‌ని గుర్తుపట్టే పేరు) మళ్లీ ఎక్కించాల్సిందే. ఇది ముందే తెలిసి దిగండి.

ఫ్రీ ట్రయల్‌కి అందరూ 7 రోజులో 14 రోజులో ఇస్తారు. బిల్లింగ్‌కి అది చాలదు. అసలు పరీక్ష నెల తిరిగాక, 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1 (అంతకుముందు నెల అమ్మకాల జీఎస్టీ రిటర్న్) వేయడానికి ఆడిటర్ గారు ఎక్సెల్ అడిగినప్పుడు. ఆ ఫైల్ తేడా లేకుండా వస్తే సగం అమ్మినట్టే. 1వ తేదీన మొదలుపెట్టినవాళ్లు కూడా వచ్చే నెల 11 దాటాలంటే 45 రోజులివ్వాలి.

ప్లే సబ్‌స్క్రిప్షన్‌లో ఉండే ఫ్రీ ట్రయల్ మొదటిరోజే పేమెంట్ వివరాలు అడుగుతుంది, బేరం అక్కడే పోతుంది. ట్రయల్ మీ సర్వర్‌లోనే నడపండి. మొదలైన తేదీని ఫోన్‌లో దాస్తే అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేసుకుంటారు, లేదా ఫోన్‌లో తేదీ వెనక్కి జరుపుతారు. ఓటీపీ వచ్చే ఫోన్ నంబరుకి ముడిపెట్టినా రెండో సిమ్ ఉండనే ఉంది. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఎలాగూ పడాలి కాబట్టి ట్రయల్‌ని దానికే ముడిపెట్టండి. జీఎస్టీ లేని చిన్న కొట్లయితే ఫోన్ నంబరుతో సరిపెట్టుకోండి, పోయేదేమీ లేదు.

ప్రింటు మాత్రం ఆపొద్దు, ‘ట్రయల్ కాపీ’ అని అచ్చేయొద్దు. అలాంటి బిల్లు ఎవరూ ఖాతాదారు చేతిలో పెట్టరు, అంటే మీ యాప్ తెరవనే తెరవరు. 2 అంగుళాల బ్లూటూత్ ప్రింటర్లలో మామూలుగా తెలుగు ఫాంట్ ఉండదు. ‘కందిపప్పు’ అని టెక్స్ట్‌గా పంపితే పిచ్చి గుర్తులు పడతాయి. బిల్లు మొత్తాన్ని 384 చుక్కల వెడల్పు బొమ్మగా మార్చి పంపండి. ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్‌కి విడిగా అనుమతి అడగాలి. చాలామంది చూడకుండా ‘వద్దు’ నొక్కేసి, ప్రింటర్ దొరకట్లేదని మీకు ఫోన్ చేస్తారు.

గడువయ్యాక కొత్త బిల్లు ఒక్కటే ఆపండి. పాత బిల్లులు, బాకీల లిస్టు కనిపించాలి, ఎక్సెల్‌లోకి దిగాలి. బాకీలకి తాళమేసి డబ్బడిగితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది.

వాళ్లు కొన్నాక మీ వైపు నుంచి ప్లే బిల్లింగ్‌కి (యాప్ లోపలి కొనుగోళ్లు నడిపే గూగుల్ వ్యవస్థ) ‘అందింది’ అని 3 రోజుల్లో కబురు వెళ్లాలి. ఆ కోడ్ మర్చిపోతే గూగుల్ డబ్బు వెనక్కి ఇచ్చేస్తుంది.