అమ్మమ్మ పెళ్లి ఫొటోకు ఏ రంగు ఫ్రేమ్?

ప్రశ్న: అమ్మమ్మ పెళ్లినాటి బ్లాక్ అండ్ వైట్ ఫొటోకు బంగారు రంగు ఫ్రేమ్ కట్టించమంటున్నారు ఇంట్లో. నాకేమో నల్లదే ఇష్టం. ఏది బాగుంటుంది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ ఫొటోను పగటి వెలుతురులో తెల్ల కాగితం పక్కన పెట్టి చూడండమ్మా. పాత ప్రింట్లు చాలావరకు గోధుమ ఛాయకు తిరిగి ఉంటాయి. అలా ఉంటే టేకు రంగు ఫ్రేమ్ కట్టించండి. నలుపు పక్కన ఆ ఛాయ మాసినట్టు కనిపిస్తుంది. మా నాన్న ఫొటోకు నల్లది వేయించి, ఏడాది తిరక్కుండానే మార్చాను. తెలుపు ఇంకా తెల్లగానే ఉంటే మాత్రం సన్నటి నల్ల ఫ్రేమే అందం. మెరిసే బంగారు రంగు వద్దు, చూపంతా అటే పోతుంది. ఫొటో చుట్టూ 2 అంగుళాల మౌంట్, అంటే ఫొటోకూ ఫ్రేమ్‌కూ మధ్య వచ్చే అట్ట అంచు, మీగడ రంగులో, ఆమ్లం లేని అట్టతో పెట్టించండి. అద్దం ఫొటోకు తగలకూడదు. తగిలితే తేమకు అంటుకుపోతుంది, ఊడదీయబోతే అమ్మమ్మ ముఖమే చెదిరిపోతుంది.