మిషన్‌కి కవర్ వేసే ముందు పది బిట్లు

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 33 ఏళ్లు. బీకాం చదివాను. ఒక ప్రైవేట్ దవాఖానలో బిల్లింగ్ కౌంటర్లో పని చేస్తున్నాను. ఇద్దరు పిల్లలు. మూడేళ్ల ఎల్ఎల్‌బీ సీటు కోసం నిరుడు లాసెట్‌కి (లా ప్రవేశ పరీక్షకి) ఫీజు కట్టి కూడా పరీక్షకు వెళ్లలేదు. ఈసారి తెల్లవారుజామున 4 గంటలకు అలారం పెడుతున్నాను. మూడు రోజులు లేస్తాను, నాలుగో రోజు ఆపేసి పడుకుంటాను. ఇక ఆ వారమంతా పుస్తకం ముట్టను. ఫోన్‌లో టాపర్ల వీడియోలు చూస్తే ఆ పూటకి ఊపు వస్తుంది, తెల్లారేసరికి ఉండదు. పైగా మా ఆయన “లాయరై ముందు ఎవరి మీద కేసు వేస్తావు?” అని నవ్వుతారు. నాకు పట్టుదల లేదంటారా?
– ఒక సోదరి, సిద్దిపేట

జవాబు: అమ్మా, మీ ఆయన ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది గానీ పత్రికలో రాయలేను.

పట్టుదల సంగతి తర్వాత. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారో మీరు రాయలేదు. డ్యూటీ, వంట, గిన్నెలు, పిల్లల హోంవర్కు అయ్యేసరికి 11 దాటుతుందని నా లెక్క. అప్పుడు పడుకున్న మనిషి 4కి లేవలేకపోతే దాన్ని బద్ధకం అనరు. ఆ అలారం ఈ రాత్రే తీసేయండి.

లా చదవకముందు నేను తొమ్మిదేళ్లు కోర్టు గేటు బయట జాబ్ టైపింగ్ చేశాను. రేకుల షెడ్డు, ఒక టేబుల్, ఒక మిషన్. విడాకుల పిటిషన్ అంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 13, చెక్ బౌన్స్ అంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138, మనోవర్తి అంటే అప్పటి సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) 125. ఇవన్నీ నా వేళ్లకు వచ్చు. అందుకే మొదటిసారి లాసెట్‌ని తేలిగ్గా తీసుకున్నాను. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో టైమ్‌టేబుల్ గీసి గోడకు అంటించాను. అది గీయడానికే ఒక ఆదివారం పోయింది. “ఉదయం 4 నుంచి 6: రాజ్యాంగం” అని ఎర్రగా రాసుకున్నాను. మీలాగే మూడు రోజులు లేచాను. ఆ ఏడు వచ్చిన ర్యాంకుకి నేను వెళ్లగలిగే దూరంలో సీటు దొరకలేదు.

మరుసటి ఏడు గోడ మీద ఏమీ పెట్టలేదు. సాయంత్రం లాయర్లు వెళ్లిపోయాక, మిషన్‌కి కవర్ వేసే ముందు, పాడైన కాగితం వెనక పది బిట్లు టైప్ చేసేదాన్ని. జవాబులు లేకుండా, ప్రశ్నలు మాత్రమే. పొద్దున మొదటి గిరాకీ వచ్చేలోపు వాటికి పెన్నుతో జవాబులు రాయాలి. రానివి మళ్లీ ఆ సాయంత్రం పదిలో చేరేవి. ఆర్టికల్ 300ఏ నా దగ్గరికి ఆరుసార్లు తిరిగొచ్చింది. ఆస్తి హక్కు 1978 నాటి 44వ సవరణతో ప్రాథమిక హక్కుల్లోంచి తప్పుకుని అక్కడ చేరిందని ఎంత చదివినా, రాసేటప్పుడు 31 అనే రాసేదాన్ని. ఒంట్లో బాగాలేని రోజు నాలుగే టైప్ చేశాను. కానీ కవర్ వేయకుండా ఇంటికి ఎలాగూ వెళ్లను కాబట్టి, ఆ నాలుగైనా పడ్డాయి.

మీకూ అలాంటి కవర్ ఒకటి ఉంది. షిఫ్ట్ దిగే ముందు క్యాష్ టాలీ చేస్తారు కదా? టాలీ అయ్యాక, బ్యాగు భుజానికి తగిలించుకునేలోపు పది బిట్లు.

పది సరిపోతాయా అంటారేమో. సరిపోవు. మీ పరీక్షలో 90 నిమిషాల్లో 120 బిట్లు, అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. అందులో సగం, అంటే 60, లా ఆప్టిట్యూడ్. మిగతావాటిలో 30 జీకే, మెంటల్ ఎబిలిటీ. 30 కరెంట్ అఫైర్స్. అందుకని ఆదివారం పిల్లల్ని మీ ఆయనకు అప్పజెప్పి (నవ్వే మనిషికి ఏదో ఒక పని ఉండాలి) తలుపు వేసుకుని గంటన్నరలో ఒక పాత పేపర్ రాయండి. తప్పుకి మార్కు కోయరు కాబట్టి ఒక్క బిట్టు కూడా ఖాళీగా వదలొద్దు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కులు కూడా లేవు. అలాగని 42తో కోరుకున్న కాలేజీ వస్తుందనుకోకండి.

ఇక ఆ వీడియోలు. అందులో మాట్లాడేది ఏ పరీక్ష టాపరో ఈసారి గమనించండి. క్లాట్ రాసిన పిల్లలైతే వాళ్ల దారి వేరు. అది ఇంటర్ తర్వాత నల్సార్ లాంటి జాతీయ లా యూనివర్సిటీల్లో ఐదేళ్ల కోర్సు కోసం. రెండు గంటలపాటు పేరాలకు పేరాలు ఇంగ్లిష్‌లో చదివి జవాబులు పెట్టాలి, తప్పుకి పావు మార్కు పోతుంది. మీ పేపర్లో ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. పదిహేడేళ్ల పిల్లాడు రోజుకి పది గంటలు చదివానంటే మీరెందుకు కుంగిపోవాలి? వాడికి అన్నం వండి పెట్టడానికి మనుషులున్నారు.

నిరుడు మీరు కొన్న గైడ్ ఏ ఏడాదిదో కూడా చూడండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ (భారత శిక్షా స్మృతి) పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష 302 అని మా తరం నాలుకకి అంటుకుపోయింది. ఇప్పుడది 103. కొత్త చట్టంలో 302 అంటే ఎదుటివారి మత మనోభావాలను కావాలని గాయపరిచేలా మాట్లాడటం. మోసానికి 420 బదులు 318. నేను టైప్ చేసిన ఆ మనోవర్తి 125 కూడా ఇప్పుడు, సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 144. కోర్టులో నాకు ఇప్పటికీ పాత నంబర్లే నోటికొస్తాయి, జూనియర్లు పక్కకి తిరిగి నవ్వుకుంటారు. మీకు ఆ బాధ లేదు, కొత్తవే నేర్చుకోండి.

వయసు గురించి రాయకపోయినా ముందుగా 33 అని చెప్పారంటే మనసులో ఉన్నట్టే. లాసెట్‌కి గరిష్ఠ వయోపరిమితి లేదు. డిగ్రీ మార్కులు మాత్రం చూసుకోండి: మూడేళ్ల కోర్సుకి 45 శాతం ఉండాలి, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40.

నిరుడు పరీక్షకు ఎందుకు వెళ్లలేదో మీరు చెప్పలేదు. చదవలేదని వెళ్లకపోయి ఉంటే, ఈసారి చదివినా చదవకపోయినా వెళ్లి రాసి రండి. నాకు కరెంట్ అఫైర్స్ ఎంత రావో తెలిసింది ఆ మొదటి పరీక్ష హాల్లోనే. తేదీ ప్రకటించిన రోజే సెలవు కాగితం మీద రాసిచ్చి సంతకం పెట్టించుకోండి. నోటిమాటగా చెబితే, ఆ పొద్దున కౌంటర్లో మనిషి లేదని ఫోన్ వస్తుంది.