గవర్నరు సంతకం విలువ అరకులో స్థలం కొనబోతే తెలుస్తుంది

ఇక్కడ ఒకరు అడిగిన ప్రశ్న: "గవర్నరంటే రబ్బరు స్టాంపేగా? అసలు ఈ పదవి ఎలా వచ్చింది? మామూలు మనిషికి దీనితో పనేమైనా పడుతుందా?"

పడుతుంది. విశాఖలో ఉండేవాళ్ళకి మరీనూ. నేను ఇక్కడ ఒక లాయరుగారి దగ్గర చాలాకాలం గుమాస్తాగా చేశాను. మా సారు దగ్గరికి ఏజెన్సీ, అంటే గిరిజనులుండే కొండప్రాంతాల, భూముల కేసులు ఎక్కువగా వచ్చేవి. గవర్నరు గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆ ఫైళ్ళు మోసి నేర్చుకున్నవే.

ముందు రబ్బరు స్టాంపు సంగతి. చాలావరకు నిజమే. రాజ్యాంగం 163వ అధికరణ ప్రకారం గవర్నరు మంత్రివర్గం సలహా మేరకే నడుచుకోవాలి. ఏ జీవో తీసి చూసినా అడుగున గవర్నరు ఉత్తర్వు మేరకు, ఆయన పేరున అని ఉంటుంది. సంతకం మాత్రం సెక్రటరీది. గవర్నరును నియమించేది రాష్ట్రపతి, అంటే ఢిల్లీలో ఎవరు ఉంటే వాళ్ళు. పదవి ఐదేళ్ళని రాసి ఉన్నా, వద్దనుకుంటే మధ్యలోనే దించేయొచ్చు. రాజ్యాంగ సభలో మొదట గవర్నర్ని కూడా జనమే ఎన్నుకోవాలనుకున్నారు. ఆయనా ముఖ్యమంత్రీ ఇద్దరూ ఓట్లతో గెలిచినవాళ్ళయితే రోజూ పేచీలేనని 1949లో ఆ ఆలోచన మానేశారు.

పేచీలు తప్పాయా అంటే, మన రాష్ట్రంలో పెద్దవాళ్ళకి 1984 ఆగస్టు గుర్తుండే ఉంటుంది. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన ఎన్టీఆర్‌ను గవర్నరు రామ్‌లాల్ ఆగస్టు 16న బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. నెల తిరిగేసరికి, కొత్త గవర్నరు శంకర్‌దయాళ్ శర్మ హయాంలో, ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. గవర్నరంటే మనవాళ్ళకి గుర్తొచ్చేది అదే. ఆ కథ అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తాను. నేను చెప్పాలనుకున్నది ఘాట్ రోడ్డు పైన జరిగే కథ.

విశాఖ కొండప్రాంతానికీ గవర్నరుకీ ఉన్న సంబంధం రాజ్యాంగం కంటే చాలా పాతది. కంపెనీ కాలంలో గంజాం, విశాఖ మన్యాల్లో తిరుగుబాట్లు చెలరేగాక 1839లో ఒక చట్టం తెచ్చారు. కొండమీద మామూలు కోర్టులు చెల్లవు, సివిలైనా క్రిమినలైనా జిల్లా కలెక్టరే మద్రాసు గవర్నరుకు ఏజెంటుగా చూసుకుంటాడు, ఇదీ ఏర్పాటు. ఇదంతా గిరిజనుల మీద ప్రేమతో చేసింది కాదు, పాలన చేజారకుండా చేసుకున్నది. 1917లో మాత్రం గిరిజనుల భూములు కిందినుంచి వచ్చినవాళ్ళ చేతికి పోకుండా మద్రాసు ప్రభుత్వం ఇంకో చట్టం చేసింది. 1935 భారత ప్రభుత్వ చట్టం వచ్చాక, మద్రాసులో చేసిన ఏ చట్టమైనా గవర్నరు నోటిఫికేషన్ ఇస్తేనే మన ఏజెన్సీకి వర్తించేది.

స్వాతంత్ర్యం తర్వాత అదే పద్ధతి కొంచెం మారి రాజ్యాంగం ఐదో షెడ్యూలులో చేరింది. పార్లమెంటు చేసిన చట్టమైనా సరే, షెడ్యూల్డ్ ప్రాంతానికి, అంటే మన ఏజెన్సీ లాంటి గిరిజన ప్రాంతానికి, వర్తించదని గవర్నరు నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. భూముల బదిలీ మీద సొంతంగా రెగ్యులేషన్, అంటే చట్టంలాగే చెల్లే నిబంధన, చేయొచ్చు. గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం ఉండాలి, అంతే. అసెంబ్లీలో బిల్లు పెట్టనక్కర్లేదు. వాడుకలో ఈ ఫైలు కూడా మంత్రుల మీదుగానే వెళ్తుందనుకోండి. అలా వచ్చిందే 1959 నాటి ఒకటో రెగ్యులేషన్. దాన్ని బిగించింది 1970 నాటి ఒకటో రెగ్యులేషన్. మన వైపు అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది దీన్నే.

ఓసారి ఎంవీపీ కాలనీ నుంచి ఒకాయన మా ఆఫీసుకి వచ్చాడు. అరకు దగ్గర రోడ్డు పక్కన ముప్పై సెంట్లు, రిసార్టు కట్టే ఆలోచన. బ్రోకరు అడ్వాన్సు తీసుకుని స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాయించి, నోటరీ కూడా చేయించి ఇచ్చాడు.

"అమ్మే ఆయన గిరిజనుడా?" అని మా సారు అడిగారు.

"కాదు సార్, మనవాళ్ళే. తాతలనాటి నుంచి అక్కడే ఉన్నారు. అందుకే ధైర్యం చేశాను."

సారు బీరువాలోంచి అట్ట ఊడిన పుస్తకం తీసి ఆయన ముందు పెట్టారు. "గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు బాబూ. గిరిజనులకో, వాళ్ళ సహకార సంఘానికో అమ్మాలి. కొనేవాళ్ళు లేకపోతే ప్రభుత్వమే తీసుకుని నష్టపరిహారం ఇస్తుంది. ఇది గవర్నరు చేసింది. దీని ముందు మీ అగ్రిమెంటు చిత్తు కాయితం."

ఆయన ఇంకా నమ్మలేదు. "పోనీ, మా ఇంట్లో పనిచేసే అబ్బాయి ఆ వైపువాడే, వాడి పేరున పెడితే?" అన్నాడు. బినామీ అని తేలితే అదీ పోతుందని సారు చెప్పారు. అసలు ఈ రెగ్యులేషన్ కింద, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదేనని కోర్టు అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం ఆ చేతిలో ఉన్నవాడిదే. కేసు మొదట స్పెషల్ డిప్యూటీ కలెక్టరు ముందుకు వెళ్తుంది, అప్పీలు ఏజెంటు హోదాలో కూర్చున్న అధికారి దగ్గర. 1839 నాటి ఆ కుర్చీ ఇంకా అలాగే ఉంది. అడ్వాన్సు డబ్బు మాత్రం బ్రోకరు దగ్గరే ఉండిపోయింది.

ఇదే రెగ్యులేషన్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి దేశమంతా తెలిసింది. అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల ఊళ్ళల్లో ప్రభుత్వం గనులు లీజుకిస్తే సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. బదిలీ చేయకూడదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని, ఏజెన్సీలో సర్కారు భూమి కూడా గిరిజనేతరులకి గనుల కోసం లీజుకివ్వకూడదని 1997లో తీర్పు వచ్చింది. గవర్నరు పేరున వచ్చిన రెగ్యులేషన్ గవర్నరు పేరున నడిచే ప్రభుత్వాన్నే ఆపింది. మా సారు ఆ తీర్పు కాపీని ఎన్నిసార్లు జిరాక్స్ తీయించారో లెక్కలేదు.

అలాగని ఆ సంతకానికి తిరుగులేదనుకోకండి. ఏజెన్సీ బళ్ళల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంటూ 2000లో ఇదే షెడ్యూలు కింద జీవో నంబరు 3 వచ్చింది. నూరు శాతం రిజర్వేషన్ కుదరదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పాడేరు, అరకు వైపు బందులు జరిగింది అందుకే. ఇంకోటి, షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన మీద గవర్నరు ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలి. రాజకీయ గొడవలప్పుడు గవర్నరు బంగళా గేటు ముందు మైకులు పట్టుకునే మనం ఆ నివేదిక గురించి ఎప్పుడైనా అడిగామా? నాకైతే గుర్తు లేదు.

చివరగా మన ఊరి సంగతి ఒకటి. ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, 2014లో విశాఖ ఎంపీగా గెలిచిన కంభంపాటి హరిబాబుగారు మిజోరం గవర్నరుగా చేసి, 2025 జనవరిలో ఒడిశా గవర్నరయ్యారు. ఒడిశాలోని కొరాపుట్ మొత్తం ఐదో షెడ్యూలు కిందికే వస్తుంది. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఆ కొరాపుట్ ఉన్న జైపూరు సంస్థానమంతా విశాఖ జిల్లాలోదే.