కడుపు నిండా గుడ్లున్నా చెరువులో బొచ్చె, రోహు ఎందుకు పెట్టవు?

ప్రశ్న: మూడేళ్లుగా చెరువులో బొచ్చె, రోహు పెంచుతున్నాను. వర్షాలు మొదలయ్యేసరికి ఆడ చేపల కడుపులు గుడ్లతో నిండిపోతాయి. అయినా ఇంతవరకు ఒక్క పిల్ల కనిపించలేదు. అదే చెరువులో బంగారు తీగ మాత్రం పిల్లలు పెట్టింది. పోయినేడు తెలిసినవాళ్లతో ఇంజెక్షన్ వేయిస్తే ఒక ఆడ చేప కడుపు ఉబ్బి చనిపోయింది, ఇంకోటి పెట్టిన గుడ్లన్నీ తెల్లబడ్డాయి. లోపం నీటిదా, మేతదా? ఇంజెక్షన్ లేకుండా పిల్లలు తీయలేమా?

జవాబు: ముందు టెన్షన్ పక్కన పెట్టండి. మీ చేపల్లో లోపం లేదు. మేత చాలకపోతే గుడ్లు ఆ మాత్రం కూడా ఎదిగేవి కావు. బొచ్చె, రోహు, మృగాల్ మూడూ ఏటి చేపలు. వరద పొంగి, గట్లు దాటి, పల్లపు నేలల మీద పలచగా పారేటప్పుడు ఎదురీదుతూ అక్కడికి చేరి గుడ్లు విడుస్తాయి. కొత్త నీరు, ఒంటికి తగిలే పారుదల, మబ్బు పట్టి చల్లబడ్డ వాతావరణం, ఇవన్నీ కలిస్తేనే చేప మెదడుకు ‘ఇదే సమయం’ అన్న కబురు అందుతుంది. అప్పుడు మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి హార్మోన్‌ను ఒక్కసారిగా వదులుతుంది. గుడ్డు పండి విడుదలయ్యేది దానివల్లే.

నిలవ నీటి చెరువులో ఆ కబురు రాదు. పైగా బొచ్చె, రోహు లాంటి కార్ప్ జాతి చేపల్లో డోపమైన్ అనే పదార్థం ఆ గ్రంథిని బ్రేకు వేసినట్టు పట్టి ఉంచుతుంది. గుడ్డు పచ్చసొన నింపుకొని ఎదుగుతుంది కానీ చివరి మెట్టు దగ్గర ఆగిపోతుంది. సీజన్ దాటాక ఆ గుడ్లను చేప ఒళ్లే మళ్లీ పీల్చుకుంటుంది. తర్వాత కడుపు చదునుగా కనిపించినా గుడ్లు ఎక్కడో పెట్టేసిందనుకోకండి.

బంగారు తీగ సంగతి వేరు. దానికి పారే నీరు అక్కర్లేదు, గుడ్లు అంటించడానికి నీటి మొక్కలుంటే చాలు. తిలాపియా అయితే ఇంకా తేలిక. నైల్ తిలాపియా ఆడది గుడ్లను నోట్లోనే పొదుగుతుంది, చిన్న వయసులోనే మొదలుపెట్టి చెరువంతా పిల్లలతో నింపేస్తుంది. అక్కడ రైతు బాధ పిల్లలు రాలేదని కాదు, ఆగడం లేదని.

ఇంజెక్షన్ లేకుండా అంటారా? పశ్చిమ బెంగాల్‌లో బంధ్‌లనే పల్లపు చెరువులున్నాయి. వాన నీరు ఉధృతంగా వచ్చి చేరగానే అందులో వదిలిన కార్ప్‌లు వాటంతటవే గుడ్లు పెడతాయి. కబురు అందితే బందీగా ఉన్న చేప కూడా పెడుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కానీ అంత పారుదల మీ చెరువులో తేలేరు కాబట్టి ఇంజెక్షనే దారి. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు పిట్యూటరీ రసం ఎక్కించి మన కార్ప్ చేపలతో గుడ్లు పెట్టించారు. జాతీయ మత్స్య రైతుల దినోత్సవం ఏటా ఆ రోజునే జరుపుతున్నాం. ఇప్పుడు దొరికే సింథటిక్ మందుల్లో గ్రంథిని కదిలించే హార్మోన్, డోపమైన్ బ్రేకు తీసే మందు రెండూ కలిపే ఉంటాయి.

ఇక మీకు జరిగిన నష్టం. ఇంజెక్షన్ ఆ చివరి కబురు మాత్రమే ఇస్తుంది, ఎదుగుదల పూర్తికాని గుడ్డును పండించడం దానివల్ల కాదు. గుడ్లు సిద్ధంగా లేని చేపకు మందు పడితే అవి లోపలే నీరు పీల్చి ఉబ్బుతాయి, బయటికి రాలేక దారి మూసుకుపోతుంది. మొదటి చేప అలా పోయి ఉండటానికే అవకాశం ఎక్కువ. కడుపు పెద్దగా ఉంటే చాలదు, మెత్తగా ఉండాలి, గుడ్లు వచ్చే రంధ్రం ఉబ్బి గులాబీ రంగులో కనిపించాలి. ఇంకా నమ్మకమైన పరీక్ష ఒకటుంది. సన్నని మెత్తటి గొట్టంతో పది పదిహేను గుడ్లు తీసి, ఆరు పాళ్లు ఆల్కహాల్, మూడు పాళ్లు ఫార్మలిన్, ఒక పాలు ఎసిటిక్ యాసిడ్ కలిపిన ద్రావణంలో వేయండి. కొద్ది నిమిషాల్లో గుడ్డు తేటపడి లోపలి కేంద్రకం చుక్కలా కనిపిస్తుంది. ఎక్కువ గుడ్లలో ఆ చుక్క నడిమధ్య నుంచి పక్కకు జరిగి ఉంటే చేప సిద్ధం. మధ్యలోనే ఉంటే ఆ చేపను వదిలేయండి, ఎంత బరువున్నా సరే.

తెల్లబడ్డ గుడ్లు చాలావరకు ఫలదీకరణ జరగనివి. అక్కడ మగ చేపను చూడాలి. మొప్పల వెనకుండే రెక్క లోపలి వైపు వేలితో తడిమితే మగదానికి గరుకుగా, ఆడదానికి నున్నగా తగులుతుంది. పొట్ట కింద మెల్లగా నొక్కితే చిక్కటి పాలలాంటి వీర్యం రావాలి. నీళ్లలా పలచగా వస్తే పనికిరాదు. నీటిలో పడ్డాక వీర్యకణాలు నిమిషం కూడా చురుగ్గా ఉండవు. అందుకే ఒక ఆడదానికి రెండు మగ చేపలు పెట్టమంటాం.

మందు మోతాదు సాధారణంగా ఆడ చేపకు కిలో బరువుకు 0.3 నుంచి 0.5 మిల్లీలీటర్లు, మగదానికి 0.1 నుంచి 0.2. జాతిని బట్టి మారుతుంది, సీసా మీద రాసింది చూడండి. సాయంత్రం చల్లబడ్డాక వేయండి. చేపను తడి గుడ్డలో పట్టండి, నేల మీద కొట్టుకోనివ్వకండి. వేశాక హాపాలో, అంటే నీటిలో కట్టిన గుడ్డ తొట్టిలో, వదిలి నీటి జల్లు పడుతుండేలా పెట్టండి. లైట్లు, మాటలు, మాటిమాటికి వల ఎత్తి చూడటం వద్దు. బెదిరిన చేప పెట్టదు.

దూరం నుంచి వింటే చాలు. నీరు 27 నుంచి 30 డిగ్రీలుంటే ఆరు నుంచి పన్నెండు గంటల్లో అలికిడి మొదలవుతుంది. మగ చేపలు ఆడదాని వెంటపడి, మూతితో దాని పొట్టను పొడుస్తూ పైకి నెట్టుకొస్తాయి. తోకలు నీళ్లను కొడతాయి. ఆడది గుడ్లు వదిలే ఆ క్షణంలోనే పక్కనున్న మగది వీర్యం వదులుతుంది. తెల్లారి చూస్తే హాపా అడుగున గాజుపూసల్లా ఉబ్బిన గుడ్లు. తేటగా ఉన్నవి మంచివి, పాల తెలుపువి పోయినవి. మంచివాటిని నెమ్మదిగా కదిలే నీటిలో ఉంచితే 14 నుంచి 18 గంటల్లో పిల్లలవుతాయి.

ఈ ఏడు సీజన్‌కు రెండు మూడు నెలల ముందే ఆడ, మగ చేపలను వేరు చేసి మంచి మాంసకృత్తులున్న మేత పెట్టండి, మధ్యమధ్య కొంత నీరు మార్చండి. రెండు ఆడ చేపలు, వాటికి సరిపడా మగ చేపలతోనే మొదలుపెట్టండి. గుడ్డు పరీక్ష చేయకుండా మాత్రం సూది పట్టకండి.