ఆ ఆల్బమ్ గురించి మాట్లాడే ముందు

అమ్మలూ,

నీ మెసేజ్ నిన్న రాత్రి చదివాను. బాంజో, ఫిడేలు, మాండొలిన్‌లతో సాగే అమెరికా పల్లె సంగీతం బ్లూగ్రాస్ కదా, ఆ పాత పాటల్ని నివాళిగా మళ్లీ పాడిన కొత్త ట్రిబ్యూట్ ఆల్బమ్ మీద మీ శనివారం గ్రూపులో రెండు గంటలు వాదన జరిగిందట. పాత పాటల కాలిగోటికి కూడా సరిపోవని సగం మంది, మక్కీకి మక్కీ దించేశారు ఇంక కొత్తగా ఏముందని మిగతా సగం మంది. మధ్యలో నువ్వు నోరు మెదపలేదు. వచ్చే వారం నీ అభిప్రాయం చెప్పమన్నారని టెన్షన్ పడుతున్నావు. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతుందని ఉత్తరమే రాస్తున్నాను. ముప్పై ఏళ్లుగా అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఉంటూ ఈ పాటలు వింటున్నవాణ్ణి, నాకు తెలిసింది నీకు చెప్పకపోతే ఎవరికి చెప్తాను?

ముందు ఆల్బమ్ మొత్తం వినడం ఆపెయ్. రెండే రెండు పాటలు తీసుకో. ఒక్కోదానికి పాత రికార్డు వెతికి పక్కన పెట్టుకో. పాతది ఒకసారి, కొత్తది ఒకసారి, మళ్లీ పాతది. వంట చేస్తూ, ఫోన్ చూస్తూ వినకు. కూర్చుని విను.

మొదటిది 'బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ' కావాలి. నీ ఆల్బమ్‌లో ఉందన్నావుగా. మాండొలిన్ వాయిస్తూ పాడే బిల్ మన్రో 1946లో రికార్డు చేసిన పాట అది. వింటూ తొడ మీద తాళం వేసి చూడు. చిన్నప్పుడు మీ అమ్మమ్మ నేర్పించిన తకిట, తకిట సరిగ్గా పడుతుంది. నెమ్మదిగా, ఉయ్యాల ఊగినట్టు వెళ్తుంది. ఇప్పుడు 1954లో మెంఫిస్‌లో ఎల్విస్ ప్రెస్లీ పాడింది పెట్టు. అప్పటికి ఎల్విస్‌కి పంతొమ్మిదేళ్లు. అదే పాట, అవే మాటలు. కానీ నీ చెయ్యి తకిట వెయ్యలేదు. తకధిమిలోకి మారిపోయి పరుగు అందుకుంటుంది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. అదే 1954లో మన్రో తన పాటను మళ్లీ రికార్డు చేశాడు. ఆ రికార్డు తప్పకుండా విను. మొదట తన పాత తకిటలోనే మొదలుపెడతాడు. కాసేపటికి తాళం మారుతుంది, బ్యాండ్ మొత్తం తకధిమిలో దూసుకుపోతుంది. నలభై దాటిన మనిషి, బ్లూగ్రాస్‌కి తండ్రి అని పిలిపించుకున్నవాడు. ఒక కుర్రాడు తన పాటను తిప్పి పాడితే, ఆ తిప్పినదాన్ని కూడా తన పాటలోకే తెచ్చుకున్నాడు. మొదటిసారి ఈ మూడూ వరసగా విన్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

కాబట్టి 'ఒరిజినల్‌లా లేదు' అని ఎవరన్నా అంటే, ఏ ఒరిజినల్ అని మర్యాదగా అడుగు. 1946దా, 1954దా? ఇంకా వెనక్కి వెళ్తే, 1939లో నాష్‌విల్‌లో గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే రేడియో సంగీత కార్యక్రమం వేదిక మీద మన్రోకి పేరు తెచ్చిన 'మ్యూల్ స్కిన్నర్ బ్లూస్' కూడా అంతకు ముందు తరం కంట్రీ గాయకుడు జిమ్మీ రాడ్జర్స్ పాటే. మన్రో దాన్ని తనకు తోచిన వేగంలో, తన గొంతుకు తగ్గ పై స్థాయిలో పాడాడు. ఇంకొకరి పాటను తనదిగా చేసుకోవడం ఈ సంగీతంలో మొదటి రోజు నుంచీ ఉన్నదే.

అలాగని మక్కీకి మక్కీ వాయించడం తక్కువ పని అనుకోకు. 1981లో టోనీ రైస్, జె.డి. క్రో, డాయిల్ లాసన్ లాంటి ఉద్దండులు కలిసి బ్లూగ్రాస్ ఆల్బమ్ బ్యాండ్ పేరుతో పాత పాటల్ని ఎంతో వినయంగా, పాత దారిలోనే వాయించారు. అయినా ప్రతి పాటలో వాళ్ల ముద్ర తెలుస్తుంది. ఆ ఆల్బమ్ ఇప్పటికీ నా కారులో ఉంటుంది. కాబట్టి మార్చారా మార్చలేదా అని కాదు, పాట లోపల ఏముందో అర్థం చేసుకుని వాయించారా అని చూడు. దానికి కొంచెం చెవి కావాలి.

మాండొలిన్ దగ్గర మొదలుపెట్టు. మన ఇంట్లో అందరికీ మాండొలిన్ అంటే పాలకొల్లు శ్రీనివాస్ గారే. ఆయన క్యాసెట్లు సూట్‌కేసులో పెట్టుకుని ఈ దేశం వచ్చినవాణ్ణి నేను. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకం తీగలా సాగుతుంది. మన్రో మాండొలిన్‌కి నాలుగు జతల తీగలు, పలుకు పొడిగా, కటువుగా ఉంటుంది. బ్లూగ్రాస్‌లో సాధారణంగా డ్రమ్స్ ఉండవు. ఆ పని మాండొలిన్ చేస్తుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య తీగల్ని ఒక్కసారి గట్టిగా మీటి, వెంటనే ఎడమచేతి వేళ్లు వదులు చేస్తారు. 'చక్' అని వచ్చి ఆగిపోతుంది. దాన్ని చాప్ అంటారు. కొత్త ఆల్బమ్‌లో ఆ 'చక్' నిలకడగా ఉందా, తడబడుతోందా? అదొక్కటి పట్టుకుంటే పాట నిలబడిందో లేదో సగం తెలిసిపోతుంది.

తర్వాత బాంజో. 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ మన్రో బ్యాండ్‌లో చేరి, మూడు వేళ్లతో జలజలా రాలినట్టు వాయించాకే ఈ సంగీతానికి ఇప్పుడున్న రూపం వచ్చింది. గొంతుల్లో అయితే, అసలు పాట కంటే పైన నడిచే టెనర్ గొంతును విడిగా పట్టుకో. ఆ గొంతులో వినిపించే ఒంటరితనం కోసమే నేను ఈ పాటలు వింటాను.

ఇక మాట్లాడే పద్ధతి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఒక ఫెస్టివల్‌లో, స్టేజీకి దూరంగా టెంట్ల దగ్గర కొంతమంది కూర్చుని వాయించుకుంటున్నారు. నీ వయసు అమ్మాయి ఒకతె బాంజో వాయించింది. అయిపోగానే, స్క్రగ్స్ పాటను అలా వాయించకూడదమ్మా అన్నాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. బాంజోను పెట్టెలో పెట్టి మూత వేసింది. రెండు గొళ్లేలూ టక్ టక్ మని పడ్డ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. పక్కనున్న ఫిడేలు పెద్దాయన అప్పుడు చెప్పాడు, ఆమె వాయించింది స్క్రగ్స్ కంటే ముందునుంచీ ఉన్న పద్ధతి అని. గోటి వెనక వైపుతో తీగను కిందికి కొట్టే పద్ధతి. పేరున్న బ్లూగ్రాస్ గాయకుడు రాల్ఫ్ స్టాన్లీ వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నది కూడా అదే. కావాలనే ఆ పాటను ఇంకా వెనక్కి తీసుకెళ్లి వాయించింది ఆ పిల్ల. వెతుక్కుంటూ వెళ్లి క్షమాపణ చెప్పాను. కానీ ఆ సాయంత్రం ఆ అమ్మాయి మళ్లీ పెట్టె తెరవలేదు.

అందుకని తీర్పు చెప్పే ముందు, ఇలా ఎందుకు వాయించి ఉంటారు అని ఒక్కసారి అనుకో. నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, మొహమాటం వద్దు. కానీ పాటలో ఏ చోట నచ్చలేదో వేలు పెట్టి చూపించు. "రెండో చరణం తర్వాత ఫిడేలు తొందరపడింది" అంటే నలుగురూ మళ్లీ పెట్టి వింటారు. "ఈ కాలం వాళ్లకి రాదు" అంటే గొడవ మొదలవుతుంది. పాట రాసిందెవరు, ఏ వాయిద్యం ఎవరు వాయించారు అన్నది ఆల్బమ్ మీద చదువుకుని వెళ్లు. పేర్లు చెప్పి మాట్లాడితే, వాయించినవాళ్లకి మనం ఇచ్చే గౌరవం అది.

రెండో పాటగా 'అంకుల్ పెన్' తీసుకో. తల్లిదండ్రులు పోయాక తనను చేరదీసిన మేనమామ గురించి, ఆయన ఫిడేలు గురించి మన్రో రాసుకున్న పాట. 1984లో రికీ స్కాగ్స్ పాడితే కంట్రీ పాటల్లో నంబర్ వన్ అయింది. అది విన్నాక ఏమనిపించిందో నాకు ముందు చెప్పు, మీ గ్రూపుకి తర్వాత చెప్పు. మేనమామ పాట కదా, ఆ హక్కు నాది.

సెలవులకి వచ్చినప్పుడు ఇక్కడి రోజీన్ అనే ఊరు తీసుకెళ్తాను. మన్రో పుట్టిన ఊరు, సమాధి కూడా అక్కడే. చలికాలంలో అయితే దళసరి స్వెట్టర్ తెచ్చుకో, అక్కడ గాలి ఎక్కువ.

ఉంటాను,
మీ మామయ్య